రంగు తేలని చోట

గోడకు చిన్న కన్నం పెట్టి
సీసాలో మందు చల్లుతాను.
ప్రాణమున్న కాంక్రీటు గులాబీ రంగు తిరుగుతుంది.
లేనిది ఏమీ మాట్లాడదు,
బూడిదగా అలాగే ఉండిపోతుంది.

అరవై మూడులో పోసిన గోడ ఇది,
రూర్ లోయలో బొగ్గు ఇంకా అన్నం పెడుతున్న రోజుల్లో.
గనిలోంచి పైకొచ్చినవాళ్ళే
శనివారాలు తట్టలు మోశారట,
గోళ్ళ సందుల్లో నలుపు నలుపుగానే ఉండగా.

ఉత్తరం గోడంతా చల్లి చూశాను.
రెండు వేళ్ళ లోతు దాకా గులాబీ జాడ లేదు.
లోపల ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి
పెచ్చులు పెచ్చులుగా గోడను బయటికి నెడుతోంది,
చిగురు కింద చీములాగా.

చేత్తో తడిమితే ఇప్పటికీ చెక్క ఈనెలు తగులుతాయి.
పోత పోసిననాడు అడ్డం నిలబెట్టిన పలకలవి.
ఆ చెట్లు ఏ పొయ్యిలోకి పోయాయో,
వాటి కణుపులు మాత్రం ఇక్కడ రాయైపోయాయి.

కట్టినాయన పోయి ఇరవై ఏళ్ళు.
ఆయన రాసిపెట్టిన కాగితం ఒకటి ఫైల్లో ఉంది:
గోడకు సున్నం పూయొద్దు. బెంచీలకు మెత్తలొద్దు.
దేవుడి ముందు మనిషి కాస్త వణకాలి.
వణికారు.
అరవై ఏళ్ళు వణికి వణికి
ఆరువందల మంది పట్టే చోట ఇరవై ముగ్గురు మిగిలారు,
అదీ మంచు పడని ఆదివారమైతే.

మధ్యాహ్నం రెండింటికి ఎరిత్రియా వాళ్ళొస్తారు,
తెల్లటి నూలుబట్ట తలమీదుగా కప్పుకుని,
చంకన పిల్లలతో.
బూట్లు గుమ్మంలోనే కుప్ప.
నల్లరాతి నేలమీద ఉత్త పాదాలు,
ఇక డోలు.
ఆర్గన్ కోసం కొలిచి కట్టిన కప్పు
ఒక్కో దెబ్బనూ ఆరు సెకన్లు నములుతుంది.
డీకన్ తెస్ఫాలెం నవ్వాడు:
"మా పాట మా మీదికే తిరిగొస్తోంది,
బాకీ వసూలుకొచ్చినవాడిలా."

పదకొండు మీటింగులు.
పాత కట్టడాల ఆఫీసు నుంచి వచ్చినావిడ
బెంచీ కదిపితే కట్టడం చచ్చిపోతుందంది.
కదపకపోతే చచ్చేదేమిటో నేనడగలేదు,
నాది సిమెంటు పని.
చివరికి కుదిరింది:
నేల కింద వేడినీళ్ళ గొట్టాలు,
కప్పులో కంటికి కనపడని ఉన్ని పలకలు,
వెనకవైపు ఎనిమిది వరసలు కోసి
ఆ చెక్కతో బూట్ల అరలు.

అందులో ఒక వరస చివర హిల్ట్రూట్ షిమాన్‌స్కి కూర్చుంటుంది.
ఎనభై ఆరేళ్ళు.
బెంచీ అంచున ఇత్తడి బిళ్ళ,
దాని మీద భర్త పేరు, గని పేలిన తారీఖు.
రంపం మొదలవగానే బయటికెళ్ళి
వానలో నిలబడింది, గొడుగు తెరవకుండా.
బిళ్ళ ఊడదీసి చేతిలో పెడితే
తిరగేసి చూసి, మళ్ళీ నాకే ఇచ్చి
"ఉన్న చెక్కకే కొట్టెయ్" అంది.
కొట్టేశాను.
ఇప్పుడా పేరు కింద పదమూడో నంబరు అర.

నవంబరుకి నా పని అయింది.
అతుకులు తెలుస్తున్నాయి.
నాలుగుసార్లు కలిపినా పాత బూడిద రంగు రాలేదు,
కొత్తది కొంచెం తెలుపు.
ఆఫీసావిడకు కోపం. నాకు కొంచెం సిగ్గు.

సామాను తీసుకెళ్దామని ఆదివారం వచ్చాను.
లోపల డోలు.
ఇప్పుడు దెబ్బకి దెబ్బ విడిగా వినిపిస్తోంది.
గుమ్మంలో హిల్ట్రూట్ ఒక్కతే, ముక్కాలిపీట మీద.
నన్ను చూసి ముక్కు చిట్లించి
"కంపు" అంది.
ఒళ్ళో పాత పేపర్ల దొంతర.
ఒక్కో తడిబూటూ అరలోంచి తీసి
కాగితం ఉండచుట్టి కొసదాకా కూరుతోంది.
చూపు అటు లేదు, చేతులే చేసుకుపోతున్నాయి,
రోజూ షిఫ్టు దిగినవాడి బూట్లు ఆరబెట్టిన చేతులు.

పదమూడో అరలో పసుపురంగు బూట్లు, అరచేయంత.
ఒకదానికి లేసు లేదు.
కాగితం ఎక్కువైంది వాటికి.
సగానికి చింపింది.